కేరం బల్ల మీద మొదటి దెబ్బ

మొన్న శనివారం మా కోడలు దేవుడి గూడు తుడుస్తూ తడిచేత్తో నామంగడ్డ ముట్టుకుంది. వంటింట్లో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న నాదాకా వచ్చింది ఆ వాసన. ఎండిన తెల్లమట్టి మీద నీటిచుక్క పడితే లేచే చల్లటి వాసన. దానికి ఇంకెవరికైనా కోవెల గుర్తుకొస్తుంది, తీర్థం గుర్తుకొస్తుంది. నాకు మాత్రం కేరం బల్ల గుర్తుకొస్తుంది. ఇక కూర్చోలేకపోయాను. చిక్కుడుకాయలు పక్కన పెట్టి వసారాలోకి వచ్చాను, వసారాలోంచి పెరట్లోకి పోయాను, పెరట్లో ఏ పనీ లేక మళ్ళీ లోపలికి వచ్చాను. కోడలు ఏం కావాలి అత్తయ్యా అని అడిగితే ఏమీ లేదన్నాను. దేవుడి మట్టికీ ఆటబల్లకీ ఏం సంబంధమని అడిగితే ఒక్కమాటలో చెప్పేది కాదు. కోవిల్‌పట్టి నుంచి మొదలుపెట్టాలి.

మా ఇల్లు కోవిల్‌పట్టి ఊరిచివర, ఇళ్ళు అయిపోయి నల్లరేగడి మొదలయ్యే చోట ఉండేది. వాన పడితే కాలు పెట్టిన చోటల్లా మట్టి అరికాలికి పలకలా అంటుకుని పైకి వచ్చేది, ఎండాకాలంలో అదే నేల చెయ్యి దూరేంత పగుళ్ళు విచ్చేది. శివరాత్రి వచ్చే మాసి నెల దాటితే పత్తికాయలు పగిలి, గాలి వీచినప్పుడల్లా దూది తేలివచ్చి ఆరేసిన వడియాల మీద వాలేది. తెల్లవారి మిల్లు కూత, అదే సంగు, ఊదితే అవ్వ లేచేది, అవ్వ దగ్గితే అమ్మ లేచేది, అమ్మ గాజుల చప్పుడికి నేను లేచేదాన్ని. పొద్దున సజ్జ సంగటి, ఊరమిరపకాయ, పలచటి మజ్జిగ. మా పెద్దలు ఎప్పుడో తెలుగునాడు వదిలి వచ్చి ఈ మట్టిలో కాడి కట్టినవాళ్ళు. గడపలోపల తెలుగు, గడప దాటితే అరవం. నేను బడికి పోలేదు. అమ్మ చేటలో ఇసుక పోసి, నా వేలు పట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దించింది. ఈ నాలుగు మాటలు ఇవాళ రాయగలుగుతున్నానంటే ఆ చేట పుణ్యం, ఆ తల్లి పుణ్యం, ఆమెకు ఆ బుద్ధి పుట్టించిన స్వామి దయ.

మా తాతకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు పెదనాయన విరుదునగర్ పోయి మిరపకాయల మండీ పెట్టుకున్నాడు. ఊరికి పేరు మారినా మా ఇంట్లో దాన్ని విరుదుపట్టి అనే అనేవారు. చిన్నవాడు మా నాయన, పొలం పట్టుకుని ఉండిపోయాడు. తాత పోయాక భాగాలు పంచుకున్నారు. ఎద్దులు పంచుకున్నారు, గంగాళాలు పంచుకున్నారు, మడకలు పంచుకున్నారు. పంచుకోవడానికి వీల్లేనిది ఒకటే మిగిలింది, రాములవారి పట్టాభిషేకం పటం. బంగారు రేకు అద్ది, అద్దపు రాళ్ళు పొదిగిన పాతకాలపు పటం, నా ఎత్తు ఉండేది. ఒక ఏడు ఇక్కడ, ఒక ఏడు అక్కడ, పంగుని నెలలో శ్రీరామనవమినాడు ఇల్లు మారాలి, మారేటప్పుడు పటం చేరే ఇంటి ఆడపిల్లే దాన్ని ఎదుర్కొని ఎత్తుకోవాలి అని అవ్వ ఏర్పాటు చేసింది. కొన్నాళ్ళు బాగానే జరిగింది. తరవాత ఒక ఏడు మా వైపు వానలు లేక పొలం పగిలి పడుకుంది, పటాన్ని తేవడానికి బండి కట్టలేదు. మరుసటి ఏడు అది ఎవరి ఏడు అన్న తగువు వచ్చింది. మాటా మాటా పెరిగిన చోట పెదనాయన నోరు జారాడు. కరువుటింట్లో సామికి ఏమి పెడతారు అన్నాడు.

ఆ మాట అవ్వ చెవిన పడింది. ఆ పొద్దు నుంచి ఆమె పెద్దకొడుకు ఇంట పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నవమికి పోయేది, సామికి దండం పెట్టేది, కోడలిని మనవరాలిని దగ్గరకు తీసుకునేది, దాహమైతే మాత్రం ఇంటినుంచి మరచెంబులో తెచ్చుకున్న నీళ్ళే తాగి, సాయంత్రం రైలుకు తిరిగి వచ్చేది. పెద్దమ్మ ప్రతిసారీ ఒక వెండిగ్లాసు కడిగి, నీళ్ళు పోసి, అవ్వ పక్కన పెట్టి పోయేది. ప్రతిసారీ అది అట్లాగే ఉండిపోయేది. పెద్దమ్మ దాన్ని తులసికోటలో పోసి, కళ్ళు ఒత్తుకుని, మళ్ళీ పనిలో పడేది.

పటం తగువు తీర్చిందీ అవ్వే. ఆ రోజుల్లో పెదనాయనకు సరుకు పంపే తూత్తుకుడి షావుకారు ఒకరు కేరం బల్ల కానుకగా పంపించారు. అంత నున్నటి చెక్కను మేమెవరమూ చూడలేదు. పెదనాయన కూతురు అలమేలు, నాకంటే కొంచెం పెద్దది, మా అక్క, దాని ముందు కూర్చుంటే లేచేది కాదు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటే మాట పెరుగుతోంది, పటం ఎత్తుకునే ఆడపిల్లలే బల్ల ముందు కూర్చుని ఆడుకోనీ, రాములవారికి ఎవరింటికి రావాలనుంటే ఆ పిల్ల వేలికి బలమిస్తాడు అని అవ్వ తీర్పు చెప్పింది. ఏటా నవమి పూజ అయ్యాక ఒక్క ఆట. గెలిచిన ఇంట పటం. నవ్వుకుంటూనే అందరూ ఒప్పుకున్నారు, కానీ ఆట మొదలైతే ఎవరూ నవ్వేవారు కారు.

నాకోసం నాయన ఊరి వడ్రంగి చేత, మేము ఆసారి అనేవాళ్ళం, ఒక బల్ల చేయించాడు. ఆసారి బండిచక్రాలు చేసే మనిషి, బల్లకూడా బండి మోసేంత బలంగా చేశాడు. మూలలకు అమ్మ పాత రవిక గుడ్డతో సంచులు కుట్టింది. చెక్క గరుకు కాబట్టి బియ్యప్పిండి చల్లుకుని ఆడేవాళ్ళం. ఆ బల్ల మీద కొట్టుడుకాయ, అదే స్ట్రైకరు, కదలాలంటే వేలు నొప్పి పుట్టేలా కొట్టాలి. మొదటి దెబ్బ అంటే నట్టనడుమ, ఉన్న బలమంతా పెట్టి కొట్టడం అనే నేను అనుకున్నాను. నేను చెప్పబోయే ఆటకు ముందటి ఏడు విరుదునగర్‌లో అట్లాగే కొట్టాను. వాళ్ళది అద్దంలాంటి బల్ల, మందుల అంగట్లో తెచ్చిన తెల్లపొడి చల్లిన బల్ల. కాయలు నాలుగు దిక్కులా ఎగిరాయి, చూసేవాళ్ళు అబ్బా అన్నారు, కొట్టుడుకాయ మాత్రం బల్లంతా చుట్టివచ్చి తీరిగ్గా మూల సంచిలో పడింది. నా వంతు పోయింది. విప్పిపెట్టిన మూటలాంటి బల్ల అక్క చేతికి దొరికింది. పటం అక్కడే ఉండిపోయింది.

అది పోతే పోయింది, వచ్చే ఏటికి చూద్దాం అనుకునే రోజులు కావు. అవ్వ చూపు తగ్గుతూ వస్తోంది. అన్నంలో రాయి కనబడదు, నా మొహం రెండు చేతులతో పట్టి దగ్గరికి లాక్కుంటేగాని కనబడదు. సాత్తూరు నుంచి వచ్చిన వైద్యుడు రెప్పలు ఎత్తి చూసి, లోపల నరం ఎండిపోతోంది, ఇంకో ఏడాదికి వెలుగు తెలుస్తుంది, మొహాలు తెలియవు అన్నాడు. ఆయన వెళ్ళాక అవ్వ నన్ను పిలిచి చేతులు పట్టుకుంది.

"అమ్మణ్ణీ, చూపు ఉండాలని నేను సామిని అడగను. పోయేలోపల ఆయన మొగం ఇంట్లో పెట్టుకోని, తనివితీరా, తొందర లేకుండా చూడాల. నువ్వు గెలిచి తే."

విరుదునగర్ పోయి పటం ముందు కూర్చోవచ్చు కదా అని ఎవరూ అనలేదు. నీళ్ళు ముట్టని ఇంట ఎన్ని గడియలు కూర్చుంటుంది.

ఆ ఏడంతా నేను కుదురుగా ఉన్నది లేదు. చింతగింజ కనబడితే వేలితో కొట్టేదాన్ని. చేటలో కందులు చెరుగుతూ కందిగింజను కొట్టేదాన్ని. పూజలో కూర్చుంటే కుంకుమ బరిణె మూత మీదికి వేలు పోయేది, అమ్మ మోచెయ్యి పొడిచేది. మొదటి దెబ్బ గురించే ధ్యాస. మెల్లగా కొన్ని తెలిసివచ్చాయి. నట్టనడుమ బలంకొద్దీ కొడితే ఏ కాయ ఎక్కడికి పోతుందో కొట్టిన చేతికే తెలియదు, పగిలిన గుంపులో సగం వరం ఎదుటి మనిషిదే. మరీ మెత్తగా కొడితే గుంపు కళ్ళు కూడా తెరవదు. అట్లా కాక కొంచెం పక్కకు జరిగి, ముందున్న తెల్లకాయ భుజం మీద తగిలేట్టు, బలంలో సగమే వాడి కొడితే, దాని వెనకున్న తెల్లకాయ మూలకు పరుగెత్తుతుంది, మిగిలినవి దానిమ్మపండు విచ్చినట్టు విచ్చుకుంటాయి, కొట్టుడుకాయ బుద్ధిగా నావైపుకే తిరిగివస్తుంది. ముందు కొట్టినవాళ్ళవి తెల్లకాయలు కాబట్టి తెల్లవాటికి దారి తెరిచే దెబ్బే దెబ్బ. కానీ ఇది జారే బల్ల మీద పారే ఉపాయం. మా ఇంటి పిండిబల్ల మీద సగం బలంతో కొడితే కాయలు జాన దూరం పోయి కూర్చునేవి.

అందుకని బల్లను జార్చే పనిలో పడ్డాను. సగ్గుబియ్యం దంచి చల్లాను, జిగురైంది. పిడకల బూడిద జల్లించి చల్లాను, అమ్మ తిట్టింది. ఒకనాడు నాయన నామంపెట్టె తెరిచి ఉంటే అందులోని తెల్లగడ్డను ముట్టుకున్నాను. వేలికి అంటుకున్న ఆ మట్టి పట్టు కంటే మెత్తగా ఉంది. గడ్డను నూరి, పలచటి గుడ్డలో వడగట్టి బల్ల మీద చల్లి చూస్తే కొట్టుడుకాయ నీళ్ళ మీద పురుగులా పోయింది. రెండోనాడు పొద్దున స్నానం చేసి వచ్చిన నాయన ఒంటి మీద తడిపంచెతో ఇల్లంతా వెతికాడు. నామం లేకుండా గడప దాటని మనిషి. సంగతి బయటపడింది. దేవుడి మట్టిని ఆటబల్ల మీద పోశానే అన్న భయం దెబ్బల భయం కంటే ఎక్కువ. అవ్వే కల్పించుకుంది.

"రాములోరి ఆటకి రాములోరి మన్ను. నువ్వు ఈ పొద్దు సన్నంగా పెట్టుకో నాయనా, సామికి నీ నుదురు కొలిచేదే పనా?"

నాయన నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. ఆ తరవాత ప్రతి సంతకూ రెండు గడ్డలు తెచ్చేవాడు, ఒకటి తన నుదుటికి, ఒకటి నా బల్లకి.

మధ్యాహ్నం పూట నేను ఆడుతుంటే అవ్వ పక్కన కూర్చుని తమలపాకులు తుడుస్తూ వినేది. కాయలు ఆమెకు కనబడవు, చప్పుడే వినేది. ఒకటే పెద్ద చప్పుడు వచ్చి ఆగిపోతే పెదవి విరిచేది. అది దెబ్బ కాదే, అరుపు అనేది. చిన్నచప్పుడు ఒకటి, దాని వెంబడి నాలుగు అంచులకూ కాయలు తట్టే టకటకలు వరసగా వినబడితే తల ఊపేది. ఆ తల ఊపు కోసం నేను ఆకలి మరిచి కొట్టాను. పంగుని వచ్చేసరికి పదిసార్లు కొడితే దాదాపు పదిసార్లూ ఆ తల ఊగేది.

నవమినాడు తొలి రైలు ఎక్కాం. అవ్వ ఒడిలో మరచెంబు, నా ఒడిలో అమ్మ చేసిన సెనక్కాయ ఉండలు. బండి సాత్తూరు దాటేదాకా నేను లేవడం, కూర్చోవడం, కిటికీ ఊచల మీద వేలితో కొట్టడం. నాయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. విరుదునగర్‌లో దిగితే ముందు మిరపఘాటు పలకరించేది. వీధి వీధంతా ఎర్రగా పరిచిన మిరపకాయలు, గానుగల నుంచి నువ్వులనూనె వాసన, ధనియాల మూటల వాసన. ఇంట్లో అడుగుపెట్టేలోగా అందరం తుమ్మాలి, ఆ తుమ్ములు విని పెద్దమ్మ కాళ్ళకు నీళ్ళతో ఎదురొచ్చేది. పటానికి కొత్త మల్లెమాల వేసి ఉంది. అవ్వ దగ్గరికి పోయి, ముక్కు అద్దానికి తగిలేంత దగ్గర నిలబడి, రాములవారి పాదాల దగ్గర నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి చూస్తూ పోయింది. మొహం దాకా రాకముందే హారతికి వేళైందని పెదనాయన పిలిచాడు. తీర్థం, పానకం మేమందరం తీసుకున్నాం. అవ్వ తులసిదళం ఒక్కటి కళ్ళకు అద్దుకుంది.

వసారాలో బల్ల వేశారు. ఏ చేతిలో గింజ ఉందో చెప్పమన్నారు. నేను చెప్పింది సరిపోయింది, మొదటి దెబ్బ నాది. లోపల్లోపల రాములవారికి దండం పెట్టుకున్నాను, ఇంతవరకూ తెచ్చావు కదా తండ్రీ అని. కొట్టుడుకాయ గీత మీద పెట్టి పక్కకు జరుపుతూ ఉంటే చేతికి ఏదో తేడా తగిలింది. కాయ జారలేదు, గొణిగింది. బల్ల మీద వేలు రాశాను. మందుపొడి కాదు. బియ్యప్పిండి. తలెత్తితే పెద్దమ్మ నావంకే చూస్తూ వెలిగిపోతున్న మొహంతో నిలబడి ఉంది.

"పోయిన మాటు నీకు జారిపాయె కద కన్నా. అందుకే ఈ మాటు మీ ఇంటి మాదిరి పిండి చల్లినాను. మీ అక్క కూడా సరే అనింది."

అక్క నిజంగానే తల ఊపింది. ఓడిన చెల్లెలు బెంగ పెట్టుకుందని విని, తమ బల్లను మా బల్లలా చేసి పెట్టారు తల్లీకూతుళ్ళు. మేమేమో మా బల్లను వాళ్ళ బల్లలా చేసుకుని ఏడాదంతా ఆడి వచ్చాం. తుడవమని అడగవచ్చు. ఆ మొహం చూసి ఎట్లా అడగను. నాయన తన నుదుటి నామం ఒకసారి తడుముకుని అవతలికి చూశాడు.

అప్పుడు ఆలోచించుకోవాల్సింది నేను. పిండిబల్లకు తగిన దెబ్బ నాకు తెలియనిది కాదు, నట్టనడుమ, పూర్తి బలం, చిన్నప్పటి నుంచి కొట్టినదే. ఏడాది సాధన చేసింది ఇంకొకటి, భుజం మీద, సగం బలం. ఈ రెంటిలో ఏదో ఒకటి కొట్టి ఉంటే ఎట్లా ఉండేదో. అవ్వ తల కాస్త వంచి, చెవి నావైపు తిప్పి కూర్చుంది. అందరూ నాకోసం కాచుకుని ఉన్నారు. నా కాలు బల్ల కింద ఆడుతూనే ఉంది. గురి మార్చాలి అని తోచింది, వద్దు అని తోచింది, బలం పెంచితే చాలు అని తోచింది, తోస్తుండగానే వేలు విడిచిపెట్టింది. గురి జారే బల్లది, బలం పిండి బల్లది. గుంపు ఒకవైపు మాత్రమే, సగం తెరిచిన తలుపులా పగిలింది. తెల్లకాయలు నా ముందే ముద్దగా నిలిచాయి, నల్లవి పరుగెత్తి అక్క మూలల దగ్గర కూర్చున్నాయి. పెద్ద చప్పుడు ఒకటి, ఆ వెంట ఏమీ లేదు. అవ్వ మొహం వైపు చూడలేకపోయాను.

తరవాత నేను బాగానే ఆడాను. ముద్దను విడదీసుకున్నాను, ఒక్కొక్కటీ వేసుకున్నాను, ఎర్రకాయకూ ఆశపడ్డాను. అక్క తొందరపడే మనిషి కాదు, పిండిని చేత్తో సర్దుకుంటూ, కొంగు నోట కరుచుకుంటూ, వచ్చిన వంతును వదలకుండా వేసింది. నాకు ఒక్క కాయ మిగిలి ఉండగా ఆమె చివరిది సంచిలో పడింది. పెదనాయన మీసం దువ్వుకోబోయి, అవ్వను చూసి చెయ్యి దింపుకున్నాడు. ఎవరిదీ అని అవ్వ అడిగింది. అక్కదే అవ్వా అని నేనే చెప్పాను.

అవ్వ ఒడిలోని మరచెంబు తీసి నాయన చేతికిచ్చింది. పెద్దమ్మ పెట్టి పోయిన వెండిగ్లాసు ఎక్కడుందా అని నేల మీద చేత్తో తడిమింది, అది చేతికి అందలేదు.

"కోడలా, దప్పిక అవుతా ఉంది. కొంచెం నీళ్ళు తే. సామి ఈడనే ఉంటానంటే నేను పోయి ఆడ ఏమి చేసేది? ఈ యేడు నాకు ఈడనే కూడు వెయ్యి."

పెద్దమ్మ పరుగున పోయి నీళ్ళు తెచ్చింది. ఆ తొందరలో సగం అవ్వ చీర మీదే ఒలికాయి. పెదనాయన స్తంభం పట్టుకుని, పిల్లల ముందు ఎన్నడూ ఏడవని మనిషి, వెనక్కి తిరిగి నిలబడ్డాడు. అవ్వ గ్లాసు ఖాళీ చేసి, ఇంకొంచెం అంది.

సాయంత్రం రైల్లో నాయన, అమ్మ, నేను, మేము ముగ్గురమే. నాయన ఒడిలో ఆ చెంబు, అందులో అవ్వ తాగని కోవిల్‌పట్టి నీళ్ళు. ఇల్లు చేరి ఆమె మంచం చూస్తే నాకు పటం లేకపోవడం కంటే అవ్వ లేకపోవడమే గోడలా తగిలింది. గెలిచి తెమ్మన్నది, నేను ఆమెనే ఇచ్చి వచ్చాను అనిపించింది. కానీ అక్కడినుంచి వచ్చిన వాళ్ళందరూ చెప్పేది ఒకటే. పొద్దున్నే అక్క ఆమెను పటం ముందు కూర్చోబెడుతుందట, వెలుగు పడేలా కిటికీ తీస్తుందట, అవ్వ తొందర లేకుండా, పాదాల నుంచి మొహం దాకా, ముక్కు అద్దానికి ఆనించి చూస్తుందట. చూపు పూర్తిగా పోయింది ధనుర్మాసంలో, అదే మార్గళిలో. అంతవరకూ ఆమె ఒక్క పొద్దూ వదలలేదు. నా దెబ్బ తప్పడంలోనే ఆమె కోరిక తీరింది. ఇందుకు నేను ఆ స్వామికి దండం పెడతాను. మనసు మాత్రం దండం పెట్టి ఊరుకోదు.

ఎందుకంటే మరుసటి ఏడు ఆట లేదు. ఆ ఏడాదంతా నేను ఒకనాడు పిండి, ఒకనాడు నామపుపొడి, మార్చి మార్చి చల్లి, ఏ బల్లకు ఏ గురి, ఎంత బలం అన్నది వేలికి ఎక్కించుకుని వచ్చాను. నవమినాడు బల్ల ఎవరూ వేయలేదు. పెదనాయన, నాయన ఒకే విస్తరి వరసలో కూర్చుని తిన్నారు. పటం ఈడ ఉంటే ఏమి, ఆడ ఉంటే ఏమి అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అక్క పెద్దమనిషై లోపలి గదిలో ఉంది. నేను వసారాలో, స్తంభానికి ఆనించిన బల్ల పక్కన, ఎవరైనా పిలుస్తారేమో అని సాయంత్రం దాకా తిరిగాను.

ఆ మండీ ఇప్పుడు లేదు, వసారా ఉన్నచోట లారీలు నిలుస్తాయి. అక్క పోయింది. మా పిల్లలు అరవంలో కలలు కంటారు, నామం పెళ్ళిరోజున పెట్టుకుంటారు. పోయిన ఏడు విరుదునగర్ పెళ్ళికి పోయినప్పుడు రాములవారి పటం ఎక్కడుందని అక్క మనవడిని అడిగాను. బీరువా వెనక నుంచి గోనె చుట్టినది ఈడ్చుకొచ్చి, దుమ్ము దులిపి నా ముందు పెట్టాడు.

"తీసుకోని పోండవ్వా. మాకు ఈడ తగిలించేదానికి గోడే లేదు."

ముసలిదాన్ని ఎత్తుకోలేకపోయాను, వాడే రిక్షాలోకి ఎక్కించాడు. పటం ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. పొద్దున వెలుగు పడేలా పెట్టించాను. కృతజ్ఞతే, కాదనను. అయినా దాని ముందు కూర్చుంటే నిలకడ ఉండదు, లేస్తాను, కూర్చుంటాను. ఎవరూ అడ్డం చెప్పలేదు, ఎవరూ నా ఎదుట కూర్చోలేదు. ఒక్క దెబ్బ కొట్టకుండానే వచ్చేశాడు రాముడు.